చలిసీమలో అంజూర జడ: రకం ఎన్నికకు వెనుక ఉన్న చరిత్ర



ఈ పూట మనం ముచ్చటించుకోబోయే సంగతి కొంచెం వింతగా తోచవచ్చును. చలిదేశాలలో కొందరు తోటవాళ్ళు రెండు మూడు అంజూర మొక్కలను దగ్గర దగ్గరగా నాటి, లేత కాండాలను ఆడపిల్లకు జడ వేసినట్లు అల్లి, ఒకే మానుగా పెంచుతారు. కింద జడ బలుస్తూ ఉంటుంది, పైన కొమ్మలు గొడుగులాగ విచ్చుకుంటాయి. చూడముచ్చటైన పని. పాయకొక రకం పెట్టుకుంటే ఒకే చెట్టున నల్లపండూ తెల్లపండూ కాయించుకోవచ్చునన్న ఆశ కూడా ఉంటుంది. మరి ఏ రకాలను జోడించాలి? అసలు చిక్కంతా అక్కడే ఉన్నది.

ఏడాది పంటలో విత్తనం ఎన్నిక తప్పితే మరుసటి ఏడు దిద్దుకుంటాము. జడ వేసిన చెట్టులో అట్లా కాదు. పాయలు ఒకదానిని ఒకటి కరచుకున్న తరువాత ఒకటి విప్పి మరొకటి పెట్టడానికి వీలుండదు. పది పన్నెండేళ్ళు సాకిన చెట్టు కాయ నిలపకపోవచ్చు, లేదా ఒక్క చలిరాత్రిలో నేలమట్టం వరకు ఎండిపోవచ్చు. పోయేది మొక్క ఖరీదు కాదు, మనిషి ఆయుర్దాయంలో పదేళ్ళు. కనుక మొక్క కొనేముందే ఆలోచించాలి. ఆ ఆలోచనకు కావలసిన పాఠాలన్నీ అంజూర చరిత్రలోనే ఉన్నాయి. వాటిని వరుసగా చూద్దాము.

జడ అల్లడం కొత్త విద్య కాదు

చెట్టును చెట్టుతో పెనవేయడం మనకు ఎరుకలేని పని కాదు. మన ఊళ్ళలో రావినీ వేపనూ ఒకే గుంటలో నాటి పెళ్ళి చేసే ఆచారం ఉన్నది గదా. గట్టు మీద ఆ రెండు చెట్లూ పెనవేసుకుని ఒకే మానులాగ కనిపిస్తాయి. కాని గొడ్డలి పెట్టి కోసి చూస్తే రావి రావిగానే, వేప వేపగానే ఉంటుంది. రెండిటి చెక్కా కలవదు, రసమూ కలవదు. ఏమంటే అవి వేరువేరు కుటుంబాల చెట్లు. మర్రి సంగతి వేరు. మర్రి ఊడ మరొక ఊడను తాకి ఒరుసుకుంటే కొన్నాళ్ళకు బెరడు కలిసి రెండూ ఒకటైపోతాయి. కదిరి సీమలోని తిమ్మమ్మ మర్రిమాను, పాలమూరు దగ్గరి పిల్లలమర్రి ఊడల మీదనే అంత విస్తరించి నిలబడ్డాయి. మర్రి, రావి, మేడి, జువ్వి, అంజూర, ఇవన్నీ ఒకే జాతి చెట్లు. గాటు పెడితే పాలు కారడం, కాయలోపలే పువ్వు దాగి ఉండడం వీటి గుర్తులు.

ఈ జాతి చెట్లతో అల్లిక పనిలో ఖాసీ ప్రజలను మించినవారు లేరు. మేఘాలయ లోయలలో వారు రబ్బరు మర్రి వేళ్ళను వాగు ఈ గట్టు నుండి ఆ గట్టుకు పాకించి, ఒకదానితో ఒకటి అల్లి, ప్రాణమున్న వంతెనలు పెంచారు. ఒక్కొక్క వంతెన మనుషుల నడకకు అక్కరకు రావడానికి పదిహేను ఇరవై ఏళ్ళకు పైగా పడుతుంది. 1844లో హెన్రీ యూల్ అనే బ్రిటిష్ అధికారి ఖాసీ కొండలను గురించి వ్రాస్తూ ఈ వంతెనలను పేర్కొన్నాడు. 2022లో ఇవి యునెస్కో ప్రపంచ వారసత్వపు తాత్కాలిక జాబితాలోకి ఎక్కాయి. తాత నాటిన వేరు మీద మనుమడు నడుస్తాడన్నమాట.

ఐరోపాలోనూ ఈ పని పాతదే. క్రీస్తుకు పూర్వం 57వ సంవత్సరంలో ఉత్తర గాల్ దేశంలో నెర్వీ అనే తెగవారు లేత చెట్లను సగం కోసి వంచి, ముళ్ళకంపతో కలిపి అల్లి, గోడవంటి దడి కట్టారనీ, దానిలో నుండి చూపు కూడా దూరేది కాదనీ జూలియస్ సీజరు వ్రాసి పెట్టాడు. ఈ కాలానికి వస్తే, అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రపు జాన్ క్రబ్‌సాక్ 1903లో మొక్కలు నాటి, వాటిని వంచి కట్టి అంటు కలుపుతూ 1914 నాటికి ఒక కుర్చీనే పండించాడు. కాలిఫోర్నియాలో చిక్కుడు పండించే రైతు ఆక్సెల్ ఎర్లాండ్‌సన్, రెండు చెట్లు తమంతట తామే అతుక్కోవడం చూసి ఆ కిటుకు పట్టుకున్నాడు. ఆరు సికమోర్ చెట్లను కలిపి బుట్టలాగ అల్లాడు. 1947లో తన చెట్లను జనానికి చూపించే తోట తెరిచాడు. 1964లో ఆయన పోయిన తరువాత కూడా ఆ చెట్లలో కొన్ని బ్రతికే ఉన్నాయి. 1985లో వాటిని గిల్‌రాయ్ అనే ఊరికి తరలించి నాటారు.

ఈ కథలన్నిటిలో ఒక సూత్రం దాగి ఉన్నది. దగ్గరి చుట్టాలైన చెట్లే అతుక్కుంటాయి, దూరపు చెట్లు పక్కపక్కన నిలబడతాయి, అంతే. అంజూరలో ఎన్ని రకాలున్నా అన్నీ ఒకే చెట్టు జాతివి. కనుక నల్ల రకమూ తెల్ల రకమూ బెరడు కలుపుకోగలవు. కలిసిన తరువాత కూడా ఏ పాయ కొమ్మన ఆ పాయ పండే కాస్తుంది. అంటుమామిడిలో మనం చూడడం లేదా? వేరు నాటుది, పండు బంగినపల్లి.

ఇక్కడ ఒక పొరబాటును ముందే తీసివేద్దాము. పట్టణపు నర్సరీలలో, ఆఫీసు గదులలో జడ వేసిన చిన్నచెట్లు కుండీలలో కనిపిస్తాయి. అది అంజూర కాదు. బెంజమినా అనే వేలాడు ఆకుల మర్రి. దానికి చలి గిట్టదు, మనం తినే పండూ కాయదు. చలిదేశాలలో అది ఇంటిలోపలి అలంకారానికి మాత్రమే. ఆ జడను చూసి బయట తోటలో అదే మొక్కను నాటితే మొదటి మంచుకే పోతుంది.

ఎండసీమ చెట్టు చలిసీమకు ఎట్లా చేరింది

అంజూర పుట్టినిల్లు పడమటి ఆసియా, మధ్యధరా సముద్రపు ఒడ్డు దేశాలు. ఎండ మెండు, గాలి పొడి, చలికాలం కొద్దిపాటిది. యోర్దాను లోయలో గిల్గాల్ అనేచోట తవ్వకాలలో బొగ్గులాగ మారిన అంజూరలు దొరికాయి. అవి సుమారు 11,400 ఏళ్ళ నాటివనీ, గింజకట్టని రకానికి చెందినవనీ 2006లో ఇజ్రాయేలు, అమెరికా శాస్త్రవేత్తలు ప్రకటించారు. గింజకట్టని చెట్టు తనంతట మొలవదు, మనిషి కొమ్మ విరిచి నాటితేనే వంశం నిలుస్తుంది. కనుక గోధుమ, బార్లీ సాగు కుదురుకోకముందే మనిషి అంజూర కొమ్మ నాటి ఉంటాడని వారి ఊహ. దీనిపై పండితులలో వాదాలున్నాయి. కొమ్మ నాటితే బ్రతకడం అంజూరకు పుట్టుకతో వచ్చిన గుణమన్నది మాత్రం నిశ్చయం.

అంజూర పండు ఎంత సుకుమారమో చెప్పే కథ ఒకటి రోము నుండి వచ్చింది. కేటో అనే వృద్ధ నాయకుడు పెద్దల సభలో ఒక తాజా అంజూరను చూపించి, ఇది కార్తేజిలో మూడు రోజుల క్రిందట కోసిన పండు, శత్రువు అంత దగ్గరలో ఉన్నాడు సుమా అని హెచ్చరించాడట. క్రీస్తుకు పూర్వం 146లో రోమనులు కార్తేజిని నాశనం చేశారు. యుద్ధం సంగతి అట్లా ఉంచి, మనం పట్టుకోవలసింది ఆ మూడు రోజుల మాట. పండిన అంజూర నిలవదు, దూరం మోయడానికి పనికిరాదు. కనుకనే చలిదేశాల ప్రభువులు, ఆ పండు తినాలంటే చెట్టునే తమ ఊరికి తెచ్చుకోవలసి వచ్చింది.

లండనులోని లాంబెత్ భవనంలో 16వ శతాబ్దంలో కార్డినల్ పోల్ నాటాడని చెప్పే తెల్ల మార్సెయ్ అంజూర వంశం ఇంకా నిలిచి ఉన్నది. ఆక్స్‌ఫర్డులో అరబ్బీ భాష ఆచార్యుడు ఎడ్వర్డ్ పొకాక్ 17వ శతాబ్దంలో అలెప్పో నుండి తెచ్చినదని చెప్పే చెట్టు కూడా ప్రసిద్ధమే. ఫ్రాన్సులో 14వ లూయీ రాజుకు అంజూర అంటే మహా ఇష్టం. ఆయన తోటల పెద్ద లా కెంతినీ 1678 - 1683 మధ్య వెర్సాయిలో రాజుగారి కూరగాయల తోట నిర్మించి, ఏడువందల అంజూర చెట్లను కొయ్య పెట్టెలలో పెంచాడు. ఎండాకాలం బయట, చలికాలం లోపల. రాజుకు సేవకులున్నారు, పెట్టెలు మోయించాడు. మరి సామాన్య రైతు ఏమి చేశాడు?

పారిస్ నగరానికి దగ్గరలో ఆర్జెంతెయ్ అనే ఊరున్నది. అక్కడి రైతులు అంజూరను మానుగా పెంచలేదు, పొదగా పెంచారు. శీతకాలం రాగానే కొమ్మలను కట్టలు కట్టి, వంచి, కాలువలాగ తవ్విన గుంటలలో పడుకోబెట్టి మట్టి కప్పేవారు. చలి తగ్గగానే మట్టి తీసి కొమ్మలను లేపేవారు. పండు తొందరగా పక్వానికి రావడానికి కాయ కంటి మీద ఒక బొట్టు ఆలివు నూనె పెట్టేవారు. ఇట్లా పండించిన పండును పారిస్ బజారుకు పంపి బ్రతికారు. తెల్ల ఆర్జెంతెయ్, ఊదారంగు దోఫీన్ వారి ముఖ్యమైన రకాలు. 20వ శతాబ్దంలో పట్టణం పెరిగి ఆ తోటలను మింగివేసింది. అమెరికా తూర్పు తీరానికి వలసపోయిన ఇటలీ కూలీలు కూడా తమ పెరటి అంజూరను చలికాలంలో వంచి పూడ్చడమో, గోనెలు చుట్టడమో చేసేవారు. వారి సంతతివారు కొందరు ఇప్పటికీ చేస్తూనే ఉన్నారు.

ఈ చరిత్రను జడ పనికి అన్వయించి చూడండి. ఆర్జెంతెయ్ రైతు ఉపాయమంతా కొమ్మను వంచడంలో ఉన్నది. జడ వేసి బిగిసిన మాను వంగదు, పూడ్చడానికి వీలులేదు. అంటే జడ వేయాలని నిశ్చయించుకున్న మరుక్షణం, పూడ్చి కాపాడుకునే దారి మూసుకుపోతుంది. చలి తీవ్రంగా ఉండే చోట జడ వద్దు, పొదే ముద్దు. పెట్టెలో గాని, పెద్ద కుండీలో గాని జడ వేసి శీతకాలం లోపలికి జరుపుకునేవారి మాట వేరు, వారిది లా కెంతినీ దారి.

తుమ్మెద లేని దేశంలో ఏ రకం?

మేడిపండు విప్పితే పురుగులుంటాయని మనకు చిన్ననాటి నుండి తెలుసు. ఆ పురుగులు నిజానికి సన్నని తుమ్మెదలు. కాయలోపల దాగిన పువ్వుకు పుప్పొడి చేర్చేవి అవే. అంజూరలోనూ అంతే. అడవి అంజూర కాయలను తెచ్చి తోట అంజూర కొమ్మలకు వేలాడగట్టే అలవాటును క్రీస్తుకు పూర్వం 4వ శతాబ్దంలోనే గ్రీకు పండితుడు థియోఫ్రాస్టస్ వర్ణించాడు. ఎందుకు కడుతున్నారో వారికి పూర్తిగా తెలియకపోయినా, కట్టకపోతే కాయ రాలుతుందని తెలుసు.

ఈ పాఠాన్ని కాలిఫోర్నియా రైతులు ఇరవై ఏళ్ళు నష్టపోయి నేర్చుకున్నారు. 1880 ప్రాంతాలలో టర్కీ దేశపు స్మిర్నా నుండి పేరుమోసిన అంజూర కొమ్మలు తెప్పించి నాటారు. చెట్లు పెరిగాయి, కాయలు కట్టాయి, పండకుండానే రాలిపోయాయి. మోసపు మొక్కలు అంటగట్టారని కొందరు అనుమానించారు. ఫ్రెస్నో నర్సరీ యజమాని జార్జి రోడింగ్ 1890 ప్రాంతంలో చేతితో పుప్పొడి ఎక్కించి చూస్తే కాయ నిలిచి పండింది. చివరకు వాల్టర్ స్వింగిల్ అనే వ్యవసాయ శాఖ శాస్త్రవేత్త అల్జీరియా నుండి పంపిన తుమ్మెదలు 1899లో అక్కడ నిలదొక్కుకున్నాయి. ఆ తరువాతనే స్మిర్నా పంట చేతికి వచ్చింది.

దీనినిబట్టి అంజూర రకాలను మూడు తరగతులుగా గుర్తుపెట్టుకోవాలి. మొదటిది స్మిర్నా తరగతి, తుమ్మెద లేనిదే పంట లేదు. రెండవది సాధారణ తరగతి, తుమ్మెదతో పనిలేకుండా కాయలన్నీ పండుతాయి. మూడవది సాన్ పెడ్రో తరగతి. దీనికి పాత కొమ్మ మీద వచ్చే మొదటి కాపు తుమ్మెద లేకుండా పండుతుంది, కొత్త కొమ్మ మీద వచ్చే రెండవ కాపు మాత్రం తుమ్మెద లేకపోతే రాలుతుంది. ఇంగ్లండులో గాని, అమెరికా వాయవ్య మూలలోని చల్లని తీరంలో గాని ఆ తుమ్మెద బ్రతకదు. కనుక చలిసీమ జడలో స్మిర్నా తరగతికి చోటు లేదు. ఎంత పేరున్న పండైనా సరే, ఆ పాయ కర్రకు తప్ప కాయకు పనికిరాదు.

రెండు కాపుల లెక్క

ఇప్పుడు అసలు కీలకానికి వచ్చాము. అంజూర ఏడాదికి రెండు కాపులు పడుతుంది. నిరుటి కొమ్మ చివర చలికాలమంతా బఠాణీ గింజంత పిందెగా నిలిచి, వసంతంలో ఊరి, నడి వేసవిలో పండేది మొదటి కాపు. ఆ ఏడాది చిగురు మీద వచ్చి శరత్కాలంలో పండేది రెండవ కాపు, వేడిదేశాలలో అదే అసలు పంట. చల్లని వేసవి ఉన్నచోట రెండవ కాపు పక్వానికి రాకముందే చలి వచ్చిపడుతుంది. ఆకు రాలినా పచ్చికాయలు కొమ్మనే వేలాడుతుంటాయి. కనుక ఇంగ్లండు తోటవాళ్ళు శరత్కాలం చివర, బఠాణీ కన్న పెద్దవైన కాయలన్నీ గిల్లివేసి, ఆ చిన్న పిందెలను మాత్రం మిగులుస్తారు. మరుసటి వేసవికి పండేవి అవే.

దీనినిబట్టి రకం ఎన్నికలో మొదటి ప్రశ్న రుచి కాదు, రంగు కాదు. మీ ఊరి వేసవి ఎంత, శీతకాలం ఎంత అన్నది.

వేసవి చల్లన, శీతకాలం మృదువుగా ఉండే చోట మొదటి కాపు బాగా పట్టే రకం కావాలి. ఇంగ్లండులో బ్రౌన్ టర్కీ, తెల్ల మార్సెయ్, బ్రన్స్‌విక్ నిలిచినవి ఇందుకే. అమెరికా వాయవ్య తీరంలో డెసర్ట్ కింగ్ అనే సాన్ పెడ్రో రకం మొదటి కాపును దండిగా ఇచ్చి పేరు తెచ్చుకున్నది. ఇటలీ తేనె అని పిలిచే లట్టరూలా కూడా అక్కడ వాడుకలో ఉన్నది.

వేసవి వేడిగా ఉండి శీతకాలం కఠినంగా ఉండే చోట లెక్క తిరగబడుతుంది. అక్కడ పాత కొమ్మ చలికి చచ్చిపోతుంది, దానితో మొదటి కాపూ పోతుంది. కొత్త చిగురు మీద తొందరగా కాసి పండే హార్డీ చికాగో వంటి రకాలే గతి. అయితే కొమ్మలే నిలవని చోట జడ మాత్రం నిలుస్తుందా? అందుకే అటువంటి చోట జడ వద్దని చెప్పుకున్నాము.

చలికి తట్టుకునే ఓపిక విషయంలో ఒక అంచనా ఉన్నది. ముదిరి, ఆకు రాల్చి నిద్రపోయిన అంజూర కొమ్మ సున్నకు దిగువ ఎనిమిది, పది డిగ్రీల వరకు ఓర్చుకుంటుంది. లేత మొక్క అంతకు ముందే దెబ్బతింటుంది. 1879 డిసెంబరులో పారిస్‌లో సున్నకు దిగువ 23 డిగ్రీలు దాటిన చలి పడింది. అటువంటి చలికి ఎదురు నిలిచే అంజూర మాను ఏదీ లేదు. కాని వేరు మాత్రం మట్టిచాటున బ్రతికి మళ్ళీ చిగురిస్తుంది. కనుక జడకు అంటు మొక్కలు వాడరాదు, కొమ్మ నాటి సొంతవేరు పోసిన మొక్కలే వాడాలి. అంటు మొక్క నేలమట్టానికి చస్తే వేరు నుండి లేచేది వేరే రకం. సొంతవేరు మొక్క అయితే లేచేది అదే రకం. అల్లిక పోయినా వంశం మిగులుతుంది.

పాయలు జోడించడంలో చూడవలసినవి

ఒకటి, పెరిగే ఊపు. జడలో పాయలు సమానంగా బలవాలి. డెసర్ట్ కింగ్ వంటి జోరు రకం పక్కన వియోలెత్ ద బోర్దో వంటి పొట్టి రకాన్ని పెడితే, కాడిలో ఒంగోలు గిత్తనూ మేకపోతునూ కట్టినట్లే. నాలుగేళ్ళకు జోరు పాయ లావెక్కి, పొట్టి పాయను నొక్కి ఎండగడుతుంది. అన్నిటికన్న భద్రమైనది ఒకే రకం మొక్కలు మూడు అల్లడం. రెండు రకాలు కావాలనుకుంటే ఎదుగుదలలో దగ్గరివాటిని తీసుకుని, జోరు ఎక్కువైనదాని చిగుళ్ళను వేసవిలో గిల్లుతూ ఉండాలి.

రెండు, కాయ కన్ను. అంజూర కాయ అడుగున చిన్న రంధ్రం ఉంటుంది. తరచు వానలు కురిసే చల్లని చోట కన్ను తెరిచి ఉండే రకాలలో నీరు దిగి, కాయ పులిసి పగులుతుంది. కన్ను మూసుకుని ఉండే సెలెస్ట్ వంటివి ఈ బెడద తక్కువగా పడతాయి. బ్రన్స్‌విక్ పండు పెద్దదే గాని వానకు పగిలే స్వభావం ఉన్నది.

మూడు, కత్తిరింపు. మొదటి కాపు నిరుటి కొమ్మ చివర వస్తుందని చెప్పుకున్నాము. గొడుగు ఆకారం కోసం శీతకాలంలో కొమ్మల చివరలన్నీ కత్తిరిస్తే ఆ ఏటి పంటను చేతులారా నరుక్కున్నట్లే. కనుక గుబురుగా, మితంగా పెరిగే రకం జడకు అనుకూలం. వేసవి మొదట్లో చిగురు అయిదారు ఆకులు వేయగానే తల గిల్లితే సరిపోతుంది.

నాలుగు, తెగులు. అంజూరకు మొజాయిక్ అనే ఆకుమచ్చ తెగులు ఉన్నది. కాలిఫోర్నియాలో కాండిట్, హార్న్ అనేవారు 1933లో దీనిని వర్ణించారు. అంటు ద్వారానూ, కంటికి ఆనని ఒక నల్లి ద్వారానూ ఇది పాకుతుంది. జడలో బెరడు కలిసిందంటే అంటు కట్టినట్లే గదా. ఒక పాయకు ఉన్న తెగులు మూడు పాయలకూ చేరుతుంది. ఆకుల మీద పసుపుపచ్చ మచ్చలు, వంకర ఆకులు ఉన్న మొక్కను ఎంత చవకగా ఇచ్చినా తీసుకోరాదు.

అయిదు, పేరు. అంజూర పేర్లంత గందరగోళం మరొక పండులో అరుదు. ఇంగ్లండు బ్రౌన్ టర్కీ వేరు, కాలిఫోర్నియాలో ఆ పేరుతో అమ్మేది వేరు. ఈ చిక్కు విప్పడానికే ఐరా కాండిట్ 1955లో వందలాది రకాలను వర్ణిస్తూ పెద్ద గ్రంథం ప్రకటించాడు. కనుక చీటీ మీద పేరు చూసి కాదు, మీ ఊరిలోనే ఏటేటా కాస్తున్న చెట్టును చూసి దాని కొమ్మ అడిగి తెచ్చుకోవడం ఉత్తమం. చుట్టుపక్కల చలిని తట్టుకున్న చెట్టు కన్న నమ్మదగిన సాక్షి లేదు.

అల్లే పద్ధతి

మొక్కై వంగనిది మానై వంగదు. ఏడాది వయసు గల, వేలు లావుకు మించని, పక్కకొమ్మలు లేని మొక్కలు మూడు తీసుకోవాలి. వసంతంలో కళ్ళు ఉబ్బే వేళ బెత్తెడు దూరంలో ముక్కోణంగా నాటి, వదులుగా అల్లాలి. బిగించి అల్లితే లావెక్కినప్పుడు ఒకదాని గొంతు ఒకటి పిసుకుతాయి. కట్టుకు తీగ వాడరాదు, గుడ్డపేలిక గాని జనపనార గాని వాడి, నెలనెలా సడలించి చూడాలి. పక్కన గట్టి ఊతకర్ర పాతాలి. జడ భాగంలో వచ్చే చిగుళ్ళను లేతగా ఉన్నప్పుడే తుడిచివేయాలి. అంజూర పాలు చర్మానికి తగిలి, పైన ఎండ పడితే బొబ్బలెక్కుతుంది. చేతికి తొడుగు వేసుకోవడం మరువరాదు. పాయల సందులలో పొలుసు పురుగులు దాగుతాయి, ఏడాదికి ఒకటి రెండు సార్లు మెత్తని బ్రష్షుతో శుభ్రం చేయాలి.

భూమికి ఉత్తరార్ధంలోని చలిదేశాలలో ఎండ దక్షిణం నుండి వస్తుంది. కనుక ఇంటి దక్షిణపు గోడ వారగా నాటుతారు. గోడ పగలు వేడి తాగి రాత్రి వదులుతుంది. వేరును కూడా కొంత కట్టడి చేస్తారు. రెండడుగుల గుంట తవ్వి, పక్కలకు పలకలు నిలిపి, అడుగున రాళ్ళు, ఇటుక ముక్కలు వేస్తారు. వేరు హద్దులో ఉంటే ఆకు జోరు తగ్గి కాయ పడుతుంది. మూడు పాయల జడలో మూడు వేళ్ళ పోటీ వలన ఈ కట్టడి కొంత దానంతట అదే జరుగుతుంది. అయితే వేసవిలో తడి ఆరనీయకూడదు, ఆరితే పిందెలు రాలుతాయి. శీతకాలంలో జడ చుట్టూ గడ్డి పేర్చి గోనె చుట్టాలి. కాపాడవలసినది ఆ మూడు నాలుగడుగుల మానునే.

మనకు దీనితో పనేమిటి?

పని ఉన్నది సోదరులారా. మన మైదానాలలో అంజూరకు చలిభయం లేదు. పూనా అంజూర తుమ్మెద అక్కర లేకుండా కాస్తుంది, మనకు బెడద వానల్లో వచ్చే ఆకు తుప్పు తెగులు. కాని ఎన్నిక చేసే పద్ధతి ఎక్కడైనా ఒకటే. స్మిర్నా పేరు విని కాలిఫోర్నియా రైతు ఇరవై ఏళ్ళు పోగొట్టుకున్నాడు. తన ఊరి చలిని చూసి, ఉన్న రకాన్ని వంచి పూడ్చిన ఆర్జెంతెయ్ రైతు పంట అమ్ముకుని బ్రతికాడు. మామిడి కానీయండి, నిమ్మ కానీయండి, పదేళ్ళ చెట్టును నాటేముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఈ రకానికి కాయ నిలవడానికి ఏమి కావాలి? అది మా ఊరిలో ఉన్నదా? గడ్డు ఏడాది వస్తే వేరు నుండి మళ్ళీ లేచేది ఇదే రకమేనా?

విస్తరణ కార్యకర్తలకు ఒక్క మనవి. రైతు ఫలానా కొత్త రకం తెప్పించండి అని అడిగినప్పుడు, దాని పండు బొమ్మ చూపించి ఊరుకోకండి. అది పుట్టిన సీమ ఎండ, చలి, వాన చెప్పండి. దానికి తోడు కావలసిన పురుగు ఏదో, తెగులు ఏదో చెప్పండి. చుట్టాల ఊరిలో ఆ చెట్టు ఉంటే తీసుకుపోయి చూపండి. చలిదేశాలలో ఉన్న మన పిల్లలు పెరటిలో అంజూర జడ వేస్తామని ఉత్తరమో ఫోనో చేస్తే కూడా ఇదే సమాధానం. ముందు పక్కింటి చెట్టు చూడండి, సొంతవేరు కొమ్మ తెచ్చుకోండి, ఒకే రకం మూడు మొక్కలతో మొదలుపెట్టండి, వదులుగా అల్లండి. రెండు రంగుల పండ్ల ముచ్చట, చెట్టు నాలుగు శీతకాలాలు గడిపిన తరువాత పై కొమ్మకు అంటు కట్టి అయినా తీర్చుకోవచ్చును. అంటు చెడితే ఒక కొమ్మ పోతుంది, చెట్టు మిగులుతుంది.